కొనేవాడు పెంచిన ధర

అనగనగా ఒక అడవిలో, వడ్రంగిపిట్ట మాను మీద ఆరు దెబ్బలు కొట్టి ఉదయం ఆరయిందని చెప్పిన వేళ, చెంగమ్మ అనే కుందేలు తన నాలుగు పిల్లలతో కాలువలో నీళ్లు తాగుతోంది.

ఆ కాలువ ఎవరో ఇచ్చింది కాదు. జంతువులన్నీ కలిసి మూడు వేసవులు తవ్వి, కొండ ఊట నుంచి నీళ్లు తెచ్చుకున్నాయి. ఏటా అవే పూడిక తీసేవి. నీళ్లున్న ఇంకో చోటు చిరుతల మడుగు ఒక్కటే. అక్కడికి వెళ్లిన కుందేళ్లు తిరిగి రాలేదు.

ఆ రోజు అడవికి ఒక దుమ్ములగొండి వచ్చింది. అడవికి పెద్ద అయిన కొండముచ్చుకు తలవంచి నమస్కారం పెట్టి, కాలువ కొంటానంది. పూడిక తనే తీయిస్తుందట. ధర ఇప్పపువ్వు బుట్టల్లో ఇస్తుందట. నీళ్లు తాగేవాళ్లు మాత్రం రోజూ తునికిపండ్లు ఇవ్వాలట. ధరలో ప్రతి పది బుట్టలకు ఇంటికి ఒక పండు చొప్పున.

పూడిక తీసి విసిగిపోయిన జంతువులకు ఆ మాట నచ్చింది.

అమ్మకాలకు ఆ అడవిలో ఒక పాత ఆచారం ఉంది. అమ్మేవాళ్ల తరఫున ఒకరు, కొనేవాళ్ల తరఫున ఒకరు వెల కట్టాలి. రెండింటికీ నడిమి ధర ఖాయం. ఒకరు పైకి లాగితే ఇంకొకరు కిందికి లాగుతారు కాబట్టి, మధ్యలో న్యాయం దొరుకుతుందని పెద్దల నమ్మకం. తేనెపట్టుకూ చెట్టుతొర్రకూ అది బాగానే పనిచేసింది.

అడవి తరఫున కొంగ కాలువ పొడవునా నడిచింది. ఒంటికాలి మీద నిలబడి లోతు చూసింది. ముప్పై బుట్టలంది.

దుమ్ములగొండి తరఫున ఉడుము వచ్చింది. అది కాలైనా తడుపుకోలేదు. తొంభై బుట్టలంది.

సభలో నవ్వులు మొదలయ్యాయి. నీకంటే ఆ ఉడుమే మనకు దగ్గర చుట్టంలా ఉందని అడవిపంది కొంగను ఆటపట్టించింది. నడిమి ధర అరవై అని తేలింది.

చెంగమ్మ ముందుకొచ్చింది.

“పెద్దయ్యా, తను ఇవ్వాల్సిన ధర తనే పెంచుకునేవాణ్ణి ఎక్కడైనా చూశావా?”

“మంచివాళ్లన్నా నీకు అనుమానమేనా, చెంగమ్మా?” అంది కొండముచ్చు.

“ముప్పై అయితే రోజుకు మూడు పళ్లు. అరవై అయితే ఆరు. ఆ పెరిగింది ఎవరు కడతారు?”

“చెవులెంత పొడుగో భయమూ అంతే పొడుగు,” అంది అడవిపంది.

మూడోసారి అడిగేసరికి వినేవాళ్లు లేరు. అందరూ బుట్టల చుట్టూ చేరారు. అరవై ఇళ్లకు అరవై బుట్టలు. ఈ అడవిలో దొరకని ఎర్ర తీగతో అల్లినవి. బుట్టలు కూడా ఎంత బాగున్నాయో అని మెచ్చుకున్నారు.

ఇరవై రోజుల్లో ఇప్పపువ్వు అయిపోయింది. ఆరు పళ్లు మాత్రం రోజూ ఇవ్వాలి. ఏనుగుకు అది తొండం చాపినంత పని. చెంగమ్మకు పొద్దుట నుంచి మధ్యాహ్నం దాకా పట్టేది. ఒకరోజు ఎంత తిరిగినా నాలుగే దొరికాయి.

ఒడ్డున కావలి ఉన్న ఉడుము వాటిని చూసింది.

“అయితే నాలుగు నోళ్లే,” అంది.

పిల్లలు తాగాయి. చెంగమ్మ ఒడ్డునే నిలబడింది.

కొండముచ్చు చెట్టు మీద నుంచి ఇదంతా చూసింది. నేరుగా దుమ్ములగొండి దగ్గరికి వెళ్లి, పళ్లు తగ్గించమని అడిగింది.

“పెట్టింది రాబట్టుకోవాలి కదా, పెద్దయ్యా. ధర ఎక్కువైందని ఆ రోజు ఎవరూ అనలేదే.”

“ఒకరు అన్నారు,” అంది కొండముచ్చు. తలదించుకుని వచ్చేసింది.

వారం తిరక్కుండా దుమ్ములగొండి మళ్లీ సభకు వచ్చింది. ఈసారి లోయ మీద అడ్డంగా పడి ఉన్న మద్దిమాను కావాలంది. అందరూ దాటే వంతెన అది. పళ్ల లెక్క పాతదే. ఉడుము అప్పుడే యాభై బుట్టలంటోంది.

కొండముచ్చు ఎవర్నీ మాట్లాడనివ్వలేదు. ముందు చెంగమ్మను పిలిచింది.

చెంగమ్మ చెప్పింది కొద్దిమాటలే. తేనెపట్టును కొన్నవాడు తన నోటి దగ్గరిది తీసి ఇస్తాడు, అందుకే ధర తగ్గించమంటాడు. అందరూ వాడుకునేదాన్ని కొన్నవాడు మన నోటి దగ్గరిది తీసి మనకే ఇస్తాడు, అందుకే పెంచమంటాడు. కాబట్టి ఇలాంటివాటికి రెండు పక్షాలకూ చెందనివాళ్లే వెల కట్టాలి. ఆ వెలకు మించి ఎంత ఇచ్చినా, దాన్ని వాడుకునేవాళ్ల దగ్గర వసూలు చేయకూడదు.

సభ ఒప్పుకుంది. ఆ వంతెన ఎన్నడూ దాటని కొండ తాబేలును పిలిపించారు. అది మాను చుట్టూ రెండు రోజులు తిరిగి, పది బుట్టలంది.

యాభైకి సిద్ధపడ్డ దుమ్ములగొండి పదికి వద్దంది.

వంతెన అడవికే మిగిలింది. కాలువ మాత్రం తిరిగి రాలేదు. చెంగమ్మ ఈనాటికీ రోజూ ఆరు పళ్లు ఇస్తోంది.

కొన్ని రోజుల తర్వాత ఒక గిజిగాడు గూటికి నార కోసం పక్క అడవికి వెళ్లి వచ్చింది. ఎర్ర తీగ అక్కడే పెరుగుతుందట. అక్కడ కూడా జంతువులు పొద్దున్నే ఎర్ర తీగ బుట్టల్లో ఇప్పపువ్వు పట్టుకుని కాలువ ఒడ్డున వరసలో నిలబడుతున్నాయట. ఆ కాలువా దుమ్ములగొండిదే.

నీతి: అందరి సొత్తు అమ్ముతున్నప్పుడు, ధర ఎంత అనేకంటే ముందు, చివరికి అది ఎవరి నోటి దగ్గర నుంచి వస్తుందో అడగాలి.