ఉద్దండరాయుడి గుర్రం

మల్లెగిరి రాజు వీరకేతుడికి పందెం అంటే చాలు, ఒళ్లు తెలియదు. ఆ రోజు ఏం కాశాడనుకున్నారు? సాక్షాత్తూ తన వంటమనిషి పేరమ్మని!

తప్పంతా ఆవిడ గుత్తివంకాయ కూరది. పొరుగు దేశం నుంచి వచ్చిన చదరంగం వీరుడు ఉద్దండరాయుడు అది తిని లొట్టలేసి, "రేపు సాయంత్రం మీ కొలువులో నన్ను ఓడించేవాడున్నాడా? లేకపోతే ఈ వంటమనిషిని నాతో పంపండి" అన్నాడు. రాజు మీసం దువ్వి "సరే" అనేశాడు. ఆడేది మాత్రం తను కాదట, కొలువులో హాస్యగాడు బొప్పనట!

పేరమ్మ లబోదిబోమంది. "బొప్పన్నా, మంచాన ఉన్న మా అత్తను వదిలేసి దేశంగాని దేశం ఎలా పోనయ్యా?"

బొప్పనకూ గెలుస్తానన్న ధైర్యం లేదు. ఉద్దండరాయుడి ఆట అందరికీ తెలిసిందే. మొదట్లోనే గుర్రాన్ని ఎరగా వదులుతాడు. ఆశపడి దాన్ని కొట్టారా, అతని మంత్రి కోటలోకి దూరి రాజుని పట్టేస్తాడు. ఇంతవరకు తట్టుకున్నవాడు లేడు.

"నువ్వు రేపు మళ్లీ ఆ కూరే వండక్కా. మిగతాది నేను చూసుకుంటా" అన్నాడు బొప్పన.

మర్నాడు మధ్యాహ్నం విడిదిలో ఉద్దండరాయుడు విస్తరి ముందు కూర్చున్నాడు. పేరమ్మ వడ్డిస్తోంది. బొప్పన చదరంగం బల్ల పక్కన పెట్టి, చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"అయ్యా, మీ గుర్రం ఎత్తుకు విరుగుడు లేదటగా?"

"ఎవడికి తెలుసు? ఎవడికీ తెలీదు!"

"అయితే మీకు ఎదురుగా మీరే కూర్చుంటే, మీరూ ఓడిపోతారన్నమాట. అయ్యో పాపం!"

ఉద్దండరాయుడికి ముద్ద గొంతులో అడ్డం పడింది. "నేనా? ఓడడమా? ఒరేయ్, ఇలా చూడు!" ఎడంచేత్తో పావులు జరిపాడు. "గుర్రాన్ని ముట్టుకోను. ఈ బంటును తోస్తాను. మంత్రికి దారి మూసుకుపోయింది. ఇక గుర్రమూ నాదే, ఆటా నాదే!"

"ఆహా! ఎంతైనా మీరు మీరే" అన్నాడు బొప్పన. పేరమ్మ ఇంకో రెండు వంకాయలు వేసింది.

సాయంత్రం నిండు సభలో ఆట. మధ్యాహ్నం మాటలు మరిచిపోయిన ఉద్దండరాయుడు ఎప్పటిలాగే గుర్రాన్ని ఎర వేశాడు. బొప్పన దానివైపు చూడనైనా చూడలేదు, బంటును తోశాడు. ఉద్దండరాయుడి ముఖం పాలిపోయింది. కాసేపటికే ఆటకట్టు.

"మోసం! ఆ విరుగుడు లోకంలో నా ఒక్కడికే తెలుసు! ఎవడు చెప్పాడు నీకు?"

"ఆ ఒక్కరే చెప్పారు స్వామీ, వంకాయ కూర కలుపుకుంటూ!"

సభ ఘొల్లుమంది. రాజు పొట్ట పట్టుకుని నవ్వి, తన ముత్యాలహారం తీసి బొప్పన మెడలో వేశాడు. "పేరమ్మా, నీకేం కావాలో అడుగు!"

"ఏమీ వద్దు మారాజా. ఈసారి పందెం కాయాలనిపిస్తే తమరి మీసాలు కాసుకోండి!"