తిరపతయ్య మూసిన జాడీలు

దుమ్ములగొండి దుర్గవ్వకు తొమ్మిదేళ్లు. ఎవరు పిలిచినా ముందు నవ్వి, తర్వాత పలుకుతుంది.

ఆ అడవిలో ముసురు రోజుల కోసం ఎండాకాలంలోనే మాంసం ఎండబెడతారు. తునకలు కోసేదీ, ఉప్పూ పసుపూ పట్టించేదీ, ముళ్లకంపకు వేలాడదీసేదీ ఆడజంతువులు. పెత్తనం నక్క తిరపతయ్యది. మెప్పు కూడా అతనిదే.

ఈసారి పెద్దపులి దొర కళ్లలో పడాలని తిరపతయ్య తునకలు లావుగా కోయించాడు. ఉప్పు సగానికి తగ్గించాడు. నాలుగో రోజు మబ్బు పట్టేసరికి, "జాడీల్లో కుక్కి మూతలకు మట్టి మెత్తండి" అన్నాడు.

దుర్గవ్వ నవ్వి ఒక తునకను వంచింది. తడితాడులా వంగింది.

"ఇది పుటుక్కున విరగాలె తిరపతన్నా. వంగిందంటే లోపల తడున్నట్టు. మూత పెడితే కంటికి కనబడని విషం పుడుతది."

"వాసనొస్తదా?"

"రాకపోవచ్చు. అదే నా భయం."

"వాసనే లేని విషం నీ ముక్కుకే తగిలిందా! నోరూ జాడీ రెండూ ముయ్యవే."

"నా నోరు నా ఇష్టం. జాడీ నువ్వే ముయ్యి."

ఆమె ముట్టుకోలేదు. తిరపతయ్యే కూర్చున్నాడు. ఎవరూ చూడటం లేదనుకుని తనూ ఒక తునకను వంచాడు. వంగింది. గబగబా మట్టి మెత్తాడు. పొద చాటు నుంచి దుర్గవ్వ చూసింది.

ముసురు పట్టింది. వేట లేదు. పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే దొర ముందు జాడీ తెరిచారు. పసుపు వాసన తప్ప మరేమీ లేదు.

"ముందు పిల్లలకే!" అన్నాడు తిరపతయ్య, పెద్ద మనసున్నవాడిలా. తోడేలు లచ్చవ్వ కూన ఉరికొచ్చింది. దుర్గవ్వ వెళ్లి జాడీకి అడ్డంగా కూర్చుంది.

"లెవ్వే! పిల్లల నోటికాడి కూడు గుంజుతవా?"

"ఆచారం తప్పుదామా అన్నా? మగోళ్లు తిన్నాకనే ఆడోళ్లు, పిల్లలు. పుట్టినకాడి నుంచి మీ ఎంగిలే తింటున్న. ఇయ్యాల కూడా ముందు నువ్వే తిను."

"నాకియ్యాల ఒక్కపొద్దు."

"నక్కకు ఒక్కపొద్దా! ఏ దేవునికే లచ్చవ్వా?"

"ఏమోనే, పొద్దుగాల వాగుకాడ రెండు పీతలు నమిలిండు గద!"

ఆడజంతువులన్నీ గొల్లున నవ్వాయి. దొర నవ్వలేదు. "తిను తిరపతీ" అన్నాడు.

తిరపతయ్య తునకను నోటిదాకా తెచ్చాడు. పళ్లు తెరుచుకోలేదు. తోక కాళ్ల మధ్యకు పోయింది.

"పచ్చిగుంది దొరా. మూసిన నాడే తెలుసు."

జాడీలను లోతుగా పూడ్చారు. ఆ పూట పిల్లలకు ఆడవాళ్ల వంతు తునకలు పెట్టారు. దొరకు పనికిరావని తిరపతయ్య విసిరేసిన సన్నటి చీలికలవి. దుర్గవ్వ వాటికి ఉప్పు తగ్గించలేదు. మూడు రోజుల ఎండకే పెళుసెక్కాయి.

తాను నోట పెట్టనిదాన్ని పిల్లలకు పంచేవాడికి పెత్తనం ఇవ్వకూడదు.

మరుసటి ఏడు దుర్గవ్వ మగవాళ్లతో పాటు మొదటి పంక్తిలో కూర్చుని తిన్నది. ఎవరినీ అడగలేదు.