ముచ్చెపువ్వు పూసిన ఏడాది

మీ తాతలకి తాతలు కూడా పుట్టకముందు మాట. ఒక రాజు ఉండేవాడు. పేరు ప్రసేనుడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు గిరిధరుడు, నడిపివాడు మణికేతుడు, చిన్నవాడు కుశలుడు. ఆ వంశంలో అన్నదమ్ములు ఏదైనా సరే సమానంగా పంచుకోవాలి. మామిడిపండైతే మూడు ముక్కలు, దుప్పటైతే మూడు ముక్కలు. ఒకసారి అద్దాన్ని కూడా మూడు ముక్కలు చేసి, ముగ్గురూ వేళ్ళు కోసుకున్నారు.

రాణి తన పుట్టింటి కొండ నుంచి తెచ్చుకున్న మొక్క ఒకటి ఉండేది. ఏటా చలికాలంలో పూసేది. పువ్వు అచ్చం చంటిపాప కాలికి తొడిగే ముచ్చెలా ఉండేది. కింద సంచి, పైన గొడుగులా ఒక రేకు. అందుకే ముచ్చెపువ్వు అనేవారు. రాణి చనిపోయినప్పుడు కొడుకులు బాగా ఏడ్చారు. తర్వాత కళ్ళు తుడుచుకుని, మొక్కను మూడుగా చీల్చి పంచుకున్నారు. ఆ ఏడాది అది పూయలేదు. మరుసటి ఏడాదీ పూయలేదు. ఏడేళ్ళయినా పూయలేదు.

అప్పుడు కంకాళుడనే మాంత్రికుడు సభకు వచ్చాడు. వంగి రాజుగారి పాదాలకు దండం పెట్టాడు. అంతే, పాదాలు రాయైపోయాయి.

"ప్రతి అమావాస్యకీ రాయి జానెడు పైకి పాకుతుంది రాజా. రాజ్యం నాకిస్తే దింపేస్తాను."

"గొంతుదాకా వచ్చినా ఇవ్వను," అన్నాడు రాజు.

గిరిధరుడు కత్తి విసిరాడు. పొగను కోసినట్టయింది. మణికేతుడు బాణం వేశాడు. అదీ అంతే. మాంత్రికుడు నవ్వుకుంటూ పోయాడు. కుశలుడు తిన్నగా సభలో వేలాడే పంజరం దగ్గరికి వెళ్ళి చిలుకను పట్టుకున్నాడు.

"వదులు బాబూ!" అని చిలుక గోలపెట్టింది. "ఏ మాంత్రికుడొచ్చినా మా మెడ మీదే పడతారేం? వీడి ప్రాణం నీలం రంగు జోరీగలో ఉంది. వాడి చెవి చుట్టూ తిరుగుతుంటే చూడలేదూ? అది కత్తికి తెగదు, వలకు చిక్కదు. ముచ్చెపువ్వు కనిపిస్తే మాత్రం ఆగలేదు, వెళ్ళి సంచిలో పడుతుంది."

"ఆ పువ్వు పూయడం లేదుగా!"

"అందుకేగా వాడు ఇప్పుడొచ్చాడు!"

ఇక ముగ్గురూ ఎవరి మొక్క మీద వాళ్ళు పడ్డారు. గిరిధరుడు పాలూ తేనే పోశాడు. వేళ్ళు కుళ్ళాయి. మణికేతుడు బంగారు తొట్టిలో పెట్టి మేడ మీద ఎండలో ఉంచాడు. ఆకులు మాడాయి. కుశలుడు రోజూ పొద్దున్నే తవ్వి, కొత్త వేరు వచ్చిందో లేదో చూసి, మళ్ళీ పాతాడు. అది పెరగడమే మానేసింది.

చివరికి కుశలుడు తన మొక్కను బుట్టలో పెట్టుకుని అమ్మ పుట్టింటికి బయలుదేరాడు. ఆ కొండ ఏడు సముద్రాల అవతల ఉంది. ఒడ్డున ఒక తాబేలు వెల్లకిలా పడి కొట్టుకుంటుంటే తిప్పి నిలబెట్టాడు. తాబేలు వీపెక్కించుకుంది. ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, మూడు దాటారు. ప్రతి సముద్రంలోనూ కుశలుడు "ఇంకెంత దూరం?" అని అడిగాడు.

"ఇంకొక్కసారి అడిగావంటే మునుగుతాను," అంది తాబేలు.

ఏడూ దాటాక కొండ వచ్చింది. కొండ మీద, మబ్బుల్లో, రాళ్ళ సందుల్లో వందల ముచ్చెపువ్వులు. వాటి మధ్య చెంగల్వ అనే అమ్మాయి నాచు ఏరుకుంటోంది. కుశలుడి కథంతా విని బుట్టలోకి తొంగిచూసింది. రెండే రెండు పిలకలు.

"ఎవరు చీల్చారు దీన్ని?"

"మేమే. అమ్మ మొక్క కదా, సమానంగా పంచుకున్నాం."

"అమ్మ బతికుంటే ఆవిణ్ణీ పంచుకునేవాళ్ళా?"

కుశలుడు తల దించుకున్నాడు. చెంగల్వ గొంతు మెత్తబడింది. "ఒంటరిగా ఉంటే ఇది బెంగపెట్టుకుంటుంది. పిలకా పిలకా ఒరుసుకుంటుంటేనే పూస్తుంది. చేయాల్సినవి మూడు. ముక్కలన్నీ ఒకే కుండలో ఇరుగ్గా పెట్టాలి. చల్లటి నీడలో ఉంచాలి. మూడోదే కష్టం."

"సింహాన్ని చంపాలా?"

"తవ్వి చూడకూడదు."

కుశలుడి మొహం వాడిపోయింది. "నీ వల్ల కాదులే, నేనూ వస్తాను," అంటూ చెంగల్వ నాచు మూటా, ఒక పచ్చ కప్పనూ పట్టుకుని తాబేలెక్కింది.

తిరిగొచ్చేసరికి రాయి రాజుగారి తొడలు దాటింది. కుశలుడు అన్నల తలుపులు తట్టాడు.

"నా వంతు ఇవ్వనురా," అన్నాడు గిరిధరుడు.

"ఎందుకన్నయ్యా?"

"ఇవ్వడానికేముందిరా? ఒక్క పిలక మిగిలింది. సిగ్గేస్తోంది."

"నాదీ అంతే," అన్నాడు మణికేతుడు. "అదీ సగం మాడింది."

"ఒకటి, ఒకటి, రెండు. నాలుగు. చాలు," అంది చెంగల్వ.

వంటింటి కుండకు అడుగున చిల్లులు పెట్టి, బొగ్గూ బెరడూ నాచూ వేసి నాలుగింటినీ ఇరికించి, రాజుగారి దగ్గరే చల్లటి నీడలో పెట్టింది. పచ్చ కప్ప వెళ్ళి కుండ పక్కన కూర్చుంది. "నా వీపు ఎండితే నీళ్ళు చల్లండి. తడిగా ఉంటే జోలికి రాకండి," అంది.

అమావాస్య వచ్చింది. రాయి నడుముకు పాకింది. మొక్క కదల్లేదు. ఇంకో అమావాస్య. రొమ్ముకు పాకింది. "వీపు దురద పోయిందర్రా, అదొక్కటే లాభం," అన్నాడు రాజు. అంటూనే ఆయాసపడ్డాడు.

ఆ ఆయాసం విని కుశలుడు ఆగలేకపోయాడు. కుండలో వేళ్ళు పెట్టేశాడు. పెట్టి, అంతలోనే వెనక్కి లాక్కున్నాడు. "అన్నయ్యలూ, నా చేతులు పట్టుకోండి!" అన్నాడు. ఒక చెయ్యి గిరిధరుడు పట్టుకున్నాడు, ఒక చెయ్యి మణికేతుడు పట్టుకున్నాడు. అమ్మ పోయాక ముగ్గురూ అలా కూర్చోవడం అదే మొదటిసారి. వారం తిరిగేసరికి ఆకుల మధ్య బఠాణీ గింజంత మొగ్గ కనిపించింది.

మళ్ళీ అమావాస్య. తెల్లవారేసరికి రాయి గొంతు దగ్గరికి వచ్చింది. మాంత్రికుడూ వచ్చాడు. "నోటిమాట చాలు రాజా, ఇచ్చానని అను." అంటూండగానే పువ్వు విచ్చుకుంది. చెవి చుట్టూ తిరిగే జోరీగ ఆగింది. వెళ్ళి ముచ్చె అంచు మీద వాలింది. కాలు జారి లోపల పడింది.

కంకాళుడు అదిరిపడ్డాడు, అంతలోనే నవ్వాడు. "ముచ్చెకు వెనకాల సందులుంటాయి పిల్లలూ! పాక్కుంటూ వచ్చేస్తుంది!"

మూడు నెలలు మొక్క దగ్గర కూర్చున్నప్పుడు చెంగల్వ అదీ చెప్పింది. వెనక కుడివైపు సందు, ఎడమవైపు సందు, ముందు నోరు. మూడు దారులు. గిరిధరుడు ఒక సందుకు వేలు అడ్డం పెట్టాడు, మణికేతుడు ఇంకో సందుకు పెట్టాడు, కుశలుడు నోటికి అరచెయ్యి పెట్టాడు.

"ఊపిరాడట్లేదు!" అంటూ కంకాళుడు కూలబడ్డాడు.

"రాయి దింపు."

దింపాడు. రాజు ఒళ్ళు విరుచుకుని, ముందుగా వీపు గోక్కున్నాడు.

"ఇక మంత్రాల జోలికి పోనని నీ జోరీగ మీద ఒట్టు వెయ్యి. తప్పావో, అది చస్తుంది," అన్నాడు గిరిధరుడు.

వేశాడు. అప్పుడు వేళ్ళు తీశారు. జోరీగ వీపు నిండా పసుప్పచ్చ పుప్పొడి పూసుకుని బయటికొచ్చింది. పాపం, మంత్రాలు పోయాక కంకాళుడికి వేరే పని రాదు. కుండకు వాననీళ్ళు మోసే కొలువిచ్చారు.

రాజు ఆచారం ప్రకారం రాజ్యాన్ని మూడు ముక్కలు చేయబోయాడు. "వద్దు నాన్నగారూ, చీలిస్తే పూయదు," అన్నారు ముగ్గురూ ఒక్క గొంతుతో.

కుశలుడు చెంగల్వను పెళ్ళి చేసుకుంటానన్నాడు. "సరే," అంది చెంగల్వ. "కానీ రోజూ పొద్దున్నే నా మనసులో ఏముందో తవ్వి తవ్వి అడక్కూడదు." అతను రెండు రోజులకోసారి మాత్రమే అడిగేవాడు. అన్నదమ్ములు ముగ్గురూ కలిసి ఒకే రాజ్యాన్ని చాలాకాలం ఏలారు. ఏటా చలికాలంలో ముచ్చెపువ్వు పూసేది.

పువ్వు కుండలో ఉంది, కథ మీ దగ్గరుంది. ఇక దాన్ని తవ్వకుండా పడుకోండి.