మారిన మేత

దేముడమ్మకు ఏడుపు రావడం మానేసింది. ఎవరైనా వింటే మంచిదే కదా అంటారు. ఆమెకు మాత్రం ప్రాణం పోయినట్టుంది.

పదకొండేళ్ళ కిందట, మొగుడు సముద్రం మీద చేపల వేటకు పోయి తిరిగి రాని ఏడాది, ఇసుకదిబ్బ మీద గుడిసెలో ఉండే పైడితల్లి తాత దగ్గర ఆమె ఉపదేశం పుచ్చుకుంది. తాత ఏకతార మీటి తత్వం అందుకుంటే చాలు, కళ్ళు ధారలు కట్టేవి. అది దుఃఖంతో వచ్చే ఏడుపు కాదు. ఏడ్చి లేచాక ఒళ్ళు తేలికైపోయేది, మర్నాటిదాకా ఆకలి కూడా గుర్తుండేది కాదు. ఆ తీపి రెండేళ్ళుగా లేదు. అదే తాత, అదే తత్వం. ఆమె మాత్రం ఎండుచేపలా కూర్చుని లేచి వస్తోంది. కొత్తగా చేరినవాళ్ళు పక్కన వెక్కి వెక్కి ఏడుస్తుంటే కడుపు రగిలిపోయేది.

చేయనిది లేదు. ఉపవాసాలుంది. ఉపదేశం నాడు కట్టిన చీర వెతికి మరీ కట్టుకుంది. ఆనాడు కూర్చున్న చోట ఎవరో కూర్చుంటే లేపి కూర్చుంది. ఏదీ కలిసిరాలేదు. చివరికి తాతనే నిలదీసింది. మొదటిరోజు చెవిలో చెప్పిన మాట మళ్ళీ అలాగే చెప్పమంది. అప్పటికీ కళ్ళు తడవకపోతే ఇక ఈ గుమ్మం తొక్కనంది.

తాత, పొద్దున్న పనిలోకి ఎన్నింటికి పోతావని మాత్రం అడిగాడు.

తెల్లారేసరికి ఆయన చేపల కంపెనీ షెడ్డులో ఉన్నాడు. దేముడమ్మ అక్కడ తల చుట్టూ కాళ్ళుండే మెత్తటి సముద్రపు జీవాలైన స్క్విడ్‌లు బాగుచేస్తుంది. తల పట్టుకుని లాగితే లోపలిదంతా ఒక్క ఊపున వచ్చేస్తుంది. దాన్ని బకెట్లో పడేసి, తెల్లటి ఒంటిని ఐసులో వేయాలి. పధ్నాలుగేళ్ళుగా అదే పని. బకెట్లో పడిందాన్ని ఏనాడూ తిరిగి చూసింది లేదు. తాత ఆ బకెట్ పక్కనే గొంతుక్కూర్చున్నాడు. తత్వాలు చెప్పే పెద్దమనిషి పేగుల్లో చెయ్యి పెట్టేసరికి షెడ్డులో ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వుకున్నారు.

ఆయన ఇంకా బాగుచేయని కుప్పలోంచి వేలెడంత స్క్విడ్‌ని ఏరి, పొట్టసంచి కోయమన్నాడు. లోపల ఎర్రటి నలుసులున్నాయి, రొయ్యపొట్టు కంటే చిన్నవి. తర్వాత జానెడుదాన్ని ఇచ్చాడు. అందులో చేప పొలుసులు, సన్నటి ముళ్ళు కనబడ్డాయి. ఆఖరికి మూరెడుదాన్ని ఎంచి చేతిలో పెట్టాడు.

ఆ సంచి కోసి దేముడమ్మ ఆగిపోయింది. లోపల తెగిన కాళ్ళ ముక్కలు, వాటి మీద అతుక్కునే గుండ్రటి పట్లు, చిలకముక్కులాంటి నల్లటి నోరు. రోజూ తాను పట్టి లాగే తలే అది. వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

"తాతా, ఇది తన జాతినే తినేసినాది."

"పెద్దదైపోనాది కదమ్మీ."

"సిన్నప్పటి మేత సముద్రంలో నేదా?"

"ఎందుకు నేదు? బోల్డుంది. దాంతో ఇంక దీని కడుపు నిండదు."

దేముడమ్మ కత్తి పక్కన పెట్టింది. రాత్రంతా కూడబెట్టుకున్న మాటలు చాలానే ఉన్నాయి, నోటికి ఒక్కటే వచ్చింది.

"నాకు ఆ ఏడుపే కావాల తాతా. అది నేకపోతే నానేటి తిని బతకాల?"

 కళ్ళు పొడిగానే ఉన్నాయి. తాత ఆ కోసిన సంచిని ఆమె ముందుకు జరిపాడు.

"ఇన్నాళ్ళూ ఏడుపు తిన్నావు. ఇప్పుడు నీలోన ఏడిసేదాన్ని తిను."

అని చేతులు కడుక్కుని, దిబ్బ వైపు నడిచిపోయాడు.

ఆ సాయంత్రం దేముడమ్మ గుడిసెకు వెళ్ళింది. ముందు వరసంతా నిండిపోయింది. ఈసారి ఎవర్నీ లేపలేదు, గుమ్మం పక్కన కాస్త చోటు దొరికితే అక్కడే కూర్చుంది. తాత తత్వం అందుకున్నాడు. చుట్టూ అందరూ ఏడుస్తున్నారు. ఆమె ఏడవలేదు, లేచి వెళ్ళనూ లేదు; ఆ ఏడుపు కోసం లోపల కాసుకుని ఉన్నదెవరా అని చూసుకుంటూ కూర్చుంది.