అడుగున దున్నని నేల

జీలుగపల్లి బొగ్గుగనిలో ఓదెలు అనే మేస్త్రీ ఉండేవాడు. పని రానివాడు కాదు గానీ, పైకి బాగుంటే చాలనుకోవడం అతని జబ్బు. ఇంటి గోడ చెమ్మెక్కి పొక్కులు లేస్తే గీకి బాగుచేసేవాడు కాదు. ఆ పొక్కుల మీదే సున్నం కొట్టేవాడు. "చూసేటోళ్లకు తెల్లగ కనపడుతుందా లేదా?" అనేవాడు. అదీ వరస!

అది సొరంగం గని కాదు. ఊరి చెలకలన్నీ, అంటే మెట్టపొలాలన్నీ తీసుకుని, పైమట్టి గీకి పక్కన పోసి, రాళ్లు పేల్చి తవ్విన పెద్ద గొయ్యి. భూమి పోయినవాళ్లలో ఓదెలు తల్లి బుచ్చవ్వ కూడా ఉంది. ఆ ఊళ్లో చనిపోయినవాళ్లను ఎవరి చెలకలో వాళ్లు పూడ్చిపెట్టుకుంటారు. బుచ్చవ్వ పెనిమిటి సమాధి కూడా ఆ గొయ్యిలోనే కలిసిపోయింది.

"బొగ్గు అయిపోయినంక భూమి మళ్ల ఇస్తమన్నరు. దాంట్ల నాలుగు కందులు పండించుకుంట. పానం పోతే దాంట్లనే పండుకుంట," అనేది ఆమె. అలా ఏళ్ల తరబడి ఎదురుచూసింది. పాపం, అంతకు మించి ఆమె ఎవర్నీ ఏమీ అడగలేదు.

చివరికి బొగ్గు అయిపోయింది. గొయ్యి పూడ్చి చదును చేయించే పని ఓదెలుకు అప్పగించారు. ఇంజనీరు దగ్గరుండి మరీ చెప్పాడు.

"ఓదెలూ, మట్టి మోసే డంపర్లు తిరిగి తిరిగి ఈ రాళ్లమట్టి గట్టిపడిపోయింది. ముందు డోజర్ వెనక కొక్కేలు దించి లోతుగా దున్నించు. తర్వాత ఎర్రమట్టి పోయించు. దాని మీద, మనం దాచిపెట్టిన నల్లమట్టి. ఇందులో ఏది తప్పినా వేరు కిందికి దిగదు."

"అట్లనే సార్," అన్నాడు ఓదెలు.

చాలావరకు అట్లాగే చేయించాడు కూడా. గుట్ట వైపు ముక్క ఒక్కటే మిగిలింది. ఇంతలో మబ్బులు కమ్ముకొచ్చాయి. వాన పడితే డోజర్లు దిగబడతాయి, పని ఆగిపోతుంది, పైవాళ్లతో మాట పడాల్సి వస్తుంది. ఓదెలుకు గాభరా పుట్టింది.

"సదయ్యా, ఇగ దున్నుడు గిన్నుడు ఏం వద్దు. నల్లమట్టి పరిచెయ్," అన్నాడు డోజర్ డ్రైవర్‌తో.

"అన్నా, కింద బండ లెక్క ఉన్నది. ఎర్రమట్టి కూడ పొయ్యలే," అన్నాడు సదయ్య.

"కింద ఎవడు చూస్తడు? పైన నల్లగ కనపడితే సాలు."

సదయ్య పరిచేశాడు. పెద్ద సార్లు జీపుల్లో వచ్చారు. నల్లగా నిగనిగలాడుతున్న నేలను చూసి ఓదెలు భుజం తట్టారు. ఒక్కచోటైనా గడ్డపార దించి చూద్దామన్న బుద్ధి వాళ్లలో ఒక్కరికీ పుట్టలేదు. ఓదెలు మీసం మెలేసుకుంటూ ఇంటికెళ్లాడు.

ఎవరి ముక్క ఎవరిదో తేల్చడానికి ఊళ్లో చీటీలు తీశారు. బుచ్చవ్వకు గుట్ట వైపు ముక్క వచ్చింది. ఓదెలు అడుగు దున్నించకుండా వదిలేసిన ముక్క అదే!

"అది నువ్వు పరిపించిన మట్టేనా కొడుకా?" అని అడిగింది తల్లి.

"ఆ, నేనే అవ్వా."

"అట్లయితే నాకు ఏ రంది లేదు," అంది బుచ్చవ్వ. ఆ సంతోషం చూస్తే ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది.

డోజర్లు ఇంకా అక్కడే ఉన్నాయి. ఇంజనీరూ ఉన్నాడు. ఒక్క మాట చెప్పి ఉంటే నల్లమట్టి పక్కకు తోసి, అడుగు దున్ని, మళ్లీ పరిచేవాళ్లు. నాలుగు చీవాట్లు పడేవి, పోనీ! కానీ ఓదెలు రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాడు. ఈలోగా యంత్రాలు వేరే గనికి వెళ్లిపోయాయి.

బుచ్చవ్వ కందులు వేసింది. మొలక బాగానే వచ్చింది. వానలు పడ్డప్పుడు నీళ్లు కిందికి ఇంకక చెలకలోనే నిలిచి సగం మొక్కలు మురిగాయి. వాన వెనకబడగానే మిగతావి పసుపుబారి తలలు వేలేశాయి. పక్క చెలకల్లో కంది నిటారుగా ఉంది. ఆమె ఒక మొక్క పీకి చూసింది. వేరు జానెడు దిగి, అక్కడ మోచెయ్యిలా వంగి, పక్కకు పాకింది.

"ఎందుకు కొడుకా గిట్ల వంకర పోయింది?"

"పురుగేదో పట్టింటది అవ్వా," అన్నాడు ఓదెలు, ఆమె మొహంలోకి చూడకుండా.

"నా చెయ్యే మంచిది కాదేమో," అంది బుచ్చవ్వ. ఊళ్లోవాళ్లూ ఆ మాటే అన్నారు. ఓదెలు విన్నాడు. విని ఊరుకున్నాడు. అదే అతను చేసిన పాపాల్లోకెల్లా పెద్దది.

మరుసటేడూ అంతే. ఆ తర్వాతా అంతే. ఎండిపోతున్న మొక్కల్ని బతికించాలని ముసలామె వాగు నుంచి బిందెలతో నీళ్లు మోసింది. చివరికి ఎండదెబ్బ తగిలి మంచం పట్టింది. "పంట ఇయ్యకపోతే ఇయ్యకపోయె. నన్ను మాత్రం మన చెలకలనే పెట్టు బిడ్డా," అని కొడుకు చెయ్యి పట్టుకుంది. రెండో మాట లేకుండా ప్రాణం విడిచింది.

పాడె చెలకలో దింపారు. ఊరివాళ్లు గుంత తవ్వడం మొదలుపెట్టారు. మోకాటి లోతు కూడా దిగకముందే గడ్డపార ఖంగుమని లేచింది. ఇంకోచోట తవ్వారు. అక్కడా అంతే. ఓదెలు గడ్డపార లాక్కుని పిచ్చివాడిలా పొడిచాడు. అరచేతులు చిట్లి నెత్తురు కారింది గానీ నేల పగలలేదు. అందరూ గుంతలోకి తొంగిచూశారు. పైన జానెడు నల్లమట్టి. దాని కింద బూడిదరంగు రాళ్లు, బొగ్గుపెళ్లలు, బండలా అణిగిపోయిన గట్టినేల. ఆ రెంటికీ మధ్య ఎండిన కందివేళ్లు చాపలా పరుచుకుని ఉన్నాయి.

సదయ్య తల దించుకున్నాడు. ఓదెలు గుంతలోనే కూలబడి ఏడ్చాడు.

"నేనే కప్పిపెట్టిన మామా. అడుగు దున్నియ్యలే, ఎర్రమట్టి పోపియ్యలే. అవ్వ చేతిల ఏ తప్పు లేదు," అన్నాడు మేనమామ సాంబయ్యతో.

సాంబయ్య కొట్టలేదు, తిట్టలేదు. "గీ మాట డోజర్లు ఉన్ననాడు చెప్తే అయిపోతుండె గదరా," అన్నాడు.

దింపిన పాడెను మళ్లీ ఎత్తడం ఆ ఊరు అంతకుముందు ఎరగదు. ఆ రోజు ఎత్తింది. బుచ్చవ్వను వాగు ఒడ్డున, ఎవరిదీ కాని సర్కారు జాగాలో పూడ్చిపెట్టారు. కొడుకు ఎంత మొత్తుకున్నా చచ్చినామె తిరిగి రాలేదు, ఆమె అడిగిన చోటు ఆమెకు దక్కలేదు.

కాబట్టి పిల్లలూ, ఎవరి కంటా పడని అడుగుపనిని అన్నిటికంటే నిజాయితీగా చెయ్యాలి. తప్పు జరిగితే, దాన్ని దిద్దుకునే వీలున్నప్పుడే నోరు విప్పి ఒప్పుకోవాలి.