చలిమడుగు గట్టున దాలమ్మ

అనగా అనగా అంటారు గానీ, ఎంత అనగానో ఎవరికీ తెలీదు. మా ముత్తవ్వకి వాళ్ళ ముత్తవ్వ చెప్పేటప్పటికే ఇది పాతబడిపోయిన కథట. అప్పటికి కొండల మీద బండిదారులు పడలేదు, ఉన్నవన్నీ కాలిబాటలే. ఆ కాలిబాట మొదలయ్యే చోట, కొండ కింద, గెడ్డవలస అని ఒక ఊరు. ఆ ఊళ్ళో దాలమ్మ అని ఒకావిడ.

దాలమ్మకి పొలం లేదు, పుట్ర లేదు. మొగుడు ఎప్పుడో పోయాడు. పిల్లల్లేరు. అడివికెళ్ళి అడ్డాకులు కోసుకొచ్చేది, ఈనుపుల్లలతో విస్తళ్ళు కుట్టేది, ఇంటింటికీ ఇచ్చి గింజలు తెచ్చుకునేది. చెయ్యి మంచిది. మనసు మంచిది. నోరొక్కటే మూతపడేది కాదు.

కుడుతూ మాట్లాడేది. నడుస్తూ మాట్లాడేది. ముద్ద నమిలేటప్పుడు కూడా మాట్లాడేది. ఒకరి మీద చెడు చెప్పేది కాదు, చాడీలు మోసేది కాదు. పొద్దున్న తన కోడి ఎటు తిరిగి కూసిందో, నిన్న వండిన కూరలో ఉప్పు ఎందుకు తగ్గిందో, కలలో తమ అమ్మ ఏ రంగు కోక కట్టుకుని కనిపించిందో, అదంతా చెప్పేది. మొదలుపెడితే పొద్దు వాలేది గానీ మాట వాలేది కాదు.

దాలమ్మ గెడ్డ ఒడ్డుకెళితే, బట్టలుతికే ఆడవాళ్ళు తడిబట్టలే మూటకట్టుకుని లేచిపోయేవారు. దాలమ్మ కళ్ళంలోకెళితే, మగవాళ్ళు ధాన్యం కుప్పల వెనక్కి నక్కేవారు. ఇంక మిగిలింది ఎర్నమ్మ. దాలమ్మకి చిన్నాన్న కూతురు, పక్కిల్లే. దాలమ్మ వస్తే 'అప్పా' అని, అంటే అక్కా అని, పిలిచి పీట వేసేది. అదొక్కటే ఆవిడకి ఆసరా.

ఒకరోజు మధ్యాహ్నం విస్తళ్ళ కట్ట పట్టుకుని దాలమ్మ ఎర్నమ్మ ఇంటికెళ్ళింది. లోపల చేట చప్పుడు వినబడుతోంది. "ఎర్నీ, ఒక మాట సెప్పాలే" అంది గుమ్మంలోంచి. చేట చప్పుడు ఆగిపోయింది. తొంగిచూస్తే ఎర్నమ్మ చాప మీద వాలి కళ్ళు మూసుకుని ఉంది. పక్కనే చేటలో సగం చెరిగిన బియ్యం. కనురెప్పలు అదురుతున్నాయి.

దాలమ్మ విస్తళ్ళు గడప మీద పెట్టి వెనక్కొచ్చేసింది. ఆ సాయంత్రం ఆవిడ గొంతు ఊళ్ళో ఎవరికీ వినబడలేదు. తెల్లారి చూస్తే గుడిసె ఖాళీ. కుండ లేదు, కత్తి లేదు, కోడి లేదు, దాలమ్మ లేదు.

ఎక్కడికెళ్ళింది? కొండెక్కింది.

గెడ్డవలస నించి పైవలసకి వెళ్ళే బాట సరిగ్గా సగంలో, కొండ మీద, ఒక మడుగు ఉంది. దాన్ని చలిమడుగు అంటారు. చుట్టూ మూడు కొండలు, నడుమ నీళ్ళు. వైశాఖంలో వేలు పెట్టినా జివ్వుమంటుంది. ఎండ కాస్తే ఆకాశం అందులోకి దిగిపోయినట్టుంటుంది, ఎంత చూసినా కళ్ళు తిప్పుకోలేం. కానీ అక్కడ ఎవరూ ఆగేవారు కాదు. మంచు దిగిందంటే ముందున్న మనిషి వీపు కూడా కనబడదు. బాటకి ఒకపక్క మడుగు, ఒకపక్క ఊబి. గొడ్లు పోయాయి, మనుషులు కూడా పోయారు. అందుకని ఎంత అలిసినా, ఎంత దాహమైనా, అక్కడికి రాగానే పరుగెట్టి దాటిపోయేవారు.

మడుగు గట్టున ఎప్పుడో ఎవరో పశువుల కాపరి వేసుకున్న గుడిసె ఒకటి, కప్పు కూలిపోయి ఉంది. దాలమ్మ గడ్డి కోసి కప్పు నేసింది. మట్టి మెత్తి గోడ నిలబెట్టింది. మూడు రాళ్ళు పెట్టి పొయ్యి రాజేసింది. కోడిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడింది. మడుగుతో మాట్లాడింది. నీటికోళ్ళతో మాట్లాడింది. ఎవరూ లేచిపోలేదు. కానీ ఎవరూ "ఊఁ" అనలేదు. దాలమ్మకి అప్పుడు తెలిసింది, ఒంటరితనం అంటే ఏమిటో.

తొలకరి పడింది. ఒక ఉప్పుకావిడి మనిషి, అసిరయ్య అని, వానకి తట్టుకోలేక ఆ గుడిసెలోకి దూరాడు. దాలమ్మకి పండగే. మంట ఎగదోసింది. వేడివేడి చోడంబలి పోసింది. ఇంక మొదలుపెట్టింది. వాన ఆగలేదు, దాలమ్మ ఆగలేదు. పాపం, వానలోకి పారిపోతే ఉప్పు కరిగిపోతుంది. అసిరయ్య ఎక్కడికెళతాడు? కూర్చుని విన్నాడు. అంబలి అయిపోయాక ముంత కింద పెట్టి మెల్లిగా అన్నాడు.

"అప్పా, ఇంతసేపు సెప్పేవు. నా పేరేటో అడగలేదు."

దాలమ్మ నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. నిజమే. పేరు అడగలేదు. ఊరడగలేదు. ఇన్నేళ్ళలో ఎవర్నీ ఏమీ అడగలేదు. ఎర్నమ్మ కనురెప్పలు ఎందుకు అదిరాయో ఆవిడకి ఆ క్షణాన తెలిసొచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొగ వల్ల అనుకున్నాడు అసిరయ్య.

"నీ పేరేటి బాబూ?" అని అడిగింది. అసిరయ్య పేరు చెప్పాడు. ఊరు చెప్పాడు. పెళ్ళాం అలిగి పుట్టింటికెళ్ళిన సంగతి చెప్పాడు. చెప్తూ చెప్తూ తప్పు తనదే అని తనకే తోచి, నవ్వేశాడు. వాన వెలిశాక కావిడెత్తుకుని, నేరుగా అత్తారింటికి నడిచాడు.

అప్పట్నించి గుడిసెకి మనుషులు ఆగడం మొదలైంది. చింతపండు మోసేవాళ్ళు ఆగారు. పసుపు మోసేవాళ్ళు ఆగారు. సంతకెళ్ళే ఆడవాళ్ళు ఆగారు. ఎవరొచ్చినా దాలమ్మ ఒకటే మాట. "మంటుంది, అంబలుంది, కూకోండి. మీ ఊరి కబుర్లేటి?" వాళ్ళు చెప్తే వినేది. విన్నాక తను చెప్పేది. అయితే అది కూడా తక్కువేం కాదు! కింది ఊళ్ళ కబురు పై ఊళ్ళకీ, పై ఊళ్ళ కబురు కింది ఊళ్ళకీ దాలమ్మ గుడిసె మీదుగానే పోయేది. గెడ్డవలస వాళ్ళు మాత్రం ఆ గుడిసె ముందు తలొంచుకుని దాటిపోయేవారు. వాళ్ళకి సిగ్గు. దాలమ్మ పిలిచేది కాదు. ఆవిడకీ కొంచెం ఉడుకుమోత్తనం ఉంది మరి.

ఇలా ఉండగా ఎర్నమ్మ కొడుక్కి పైవలసలో సంబంధం కుదిరింది. పెళ్ళికూతురి పేరు తవిటమ్మ. పెళ్ళి మగపెళ్ళివారింట. గెడ్డవలస జనం పైకెళ్ళి, పిల్లని పల్లకీలో కూర్చోబెట్టుకుని, డప్పులు వాయించుకుంటూ, సారె బుట్టలు ఎద్దు మీద వేసుకుని దిగుతున్నారు. పుష్యమాసం. చలిమడుగు దగ్గరికొచ్చేసరికి నడినెత్తిన సూర్యుడున్నాడు. కన్ను మూసి తెరిచేలోగా సూర్యుడు లేడు. మంచు దిగింది.

ఎలాంటి మంచు! చెయ్యి చాపితే చెయ్యి కనబడలేదు. పల్లకీ ఎటుందో డప్పులవాళ్ళకి తెలీదు. డప్పులవాళ్ళు ఎటున్నారో ఎర్నమ్మకి తెలీదు. డప్పు కొట్టి పిలుద్దామంటే తోలు నాని మెత్తబడిపోయింది. కొడితే తడిగోనె మీద కొట్టినట్టే చప్పుడు. ఒకడు ముందుకి అడుగేసి మోకాలిదాకా దిగబడ్డాడు. పక్కవాళ్ళు జుట్టు పట్టుకుని లాగారు. ఇంక ఎవరూ కదల్లేదు. పల్లకీలో పిల్ల ఏడుపు మొదలెట్టింది.

ఆ ఏడుపు గుడిసెలో దాలమ్మకి వినబడింది. గుమ్మంలోకొచ్చి "ఓయ్!" అని కేకేసింది. ఆ కేక కొండకి కొట్టుకుని నాలుగుపక్కల్నించీ వచ్చింది.

"ఎటేపమ్మా? ఎటేపు?" అని అరిచారు వాళ్ళు.

ఒక్క కేకతో లాభం లేదని దాలమ్మకి అర్థమైంది. తెగకుండా వినబడితేనే జనం దాన్ని పట్టుకుని రాగలరు. ఇంక చూస్కోండి. గుమ్మంలో నిలబడి మాట్లాడ్డం మొదలుపెట్టింది.

"నాను దాలమ్మనర్రా, గెడ్డవలస దాలమ్మని! నాను గెడ్డకొత్తే తడిబట్టలతో పరిగెత్తింది ఎవులర్రా? కళ్ళంలో కుప్ప ఎనకాల నక్కింది ఎవులర్రా? నాకు అప్పుడే మీ కాళ్ళు కనబడ్డాయి గాని, నాను సెప్పలేదు! ఒకుడి కాలికి ఆరో ఏలుంది, ఆడెవుడో నాకు తెలుసు!"

మంచులో ఎవరో కిసుక్కున నవ్వారు. "ఒలమ్మో! మన దాలమ్మే!" ఎర్నమ్మ గొంతు అందుకుంది. "దాలమ్మప్పా! ఆపకే! మాటాడు! ఆపకే తల్లీ!"

ఆవిడతో ఆ మాట ఎవరన్నారు అంతదాకా? దాలమ్మ గొంతు ఇంకా పెంచింది. ఆపలేదు. కోడి గురించి చెప్పింది. కూరలో ఉప్పు గురించి చెప్పింది. అమ్మ కట్టుకున్న కోక గురించి చెప్పింది. ఆ మాట వెంట ముందు పల్లకీ వచ్చింది. ఆ మాట వెంట డప్పులవాళ్ళు వచ్చారు. ఆ మాట వెంట ముసలీముతకా ఒకరి కొంగు ఒకరు పట్టుకుని వచ్చారు. గుడిసె నిండిపోయింది. చూస్తే ఎర్నమ్మ లేదు.

"సారె మోసే ఎద్దు ఊబిలో దిగిపోనాది. మా యమ్మ పలుపు వదల్లేదు" అన్నాడు పెళ్ళికొడుకు. అంటూనే బయటికి ఉరకబోయాడు. దాలమ్మ రెక్క పట్టుకుని ఆపింది. అప్పటికే ఆవిడ గొంతు జీరపోయి, గుసగుస తప్ప కేక రావడం లేదు.

"ఊబి దారి నాకు తెలుసు, నీకు తెలీదు. నాను ఎల్తాను. నా గొంతు పోనాది. ఈపాలి మీరు మాటాడండి. మీ మాట ఇనబడితేనే నాను తిరిగి రాగలను. ఆపీకండి."

వెదురుగెడ ఒకటి పట్టుకుని, నేల తడుముకుంటూ మంచులోకి వెళ్ళిపోయింది.

గుడిసెలో అంతమంది ఉన్నారా, ఒక్కరికీ మాట రాదు. ఏం మాట్లాడాలి? డప్పులాయన గొంతు సవరించుకున్నాడు, ఊరుకున్నాడు. పెద్దాయన ఒకరు "అదే మరి" అని ఊరుకున్నాడు. అప్పుడు పెళ్ళికూతురు తవిటమ్మ ముసుగు తీసేసి లేచి, గుమ్మంలో నిలబడి, "మా ఇంట్లో మేకలున్నాయి!" అని అరిచింది. "ఒకదాని పేరు బొల్లి! అది మా నాన్న తలపాగా తినేసింది! ఇంకోదాని పేరు..." ఇంక అందరూ అందుకున్నారు. ఏ మేక మంచిదని ఒకరు, మేక కన్న గొర్రె నయమని ఒకరు. గోలంటే గోల.

బయట దాలమ్మ వెదురుగెడతో పొడిచి పొడిచి చూసుకుంటూ ఎర్నమ్మని పట్టుకుంది. తొడలదాకా బురదలో ఉంది ఎర్నమ్మ. ఎద్దు మెడ కౌగిలించుకుని ఉంది. దాలమ్మ గట్టినేల చూసుకుని, గెడ చాపి, ముందు చెల్లిని లాగింది. తరవాత ఇద్దరూ కలిసి పలుపు లాగారు. ఎద్దు రొప్పుతూ, తన్నుకుంటూ ఒడ్డెక్కింది. ముగ్గురూ అక్కడే చతికిలబడ్డారు.

"అప్పా" అంది ఎర్నమ్మ ఏడుస్తూ. "ఆయాల నాను నిద్రపోలేదే."

"తెలుసులే" అంది దాలమ్మ, గొంతులేని గొంతుతో. "లే. ఆళ్ళు మేకల గురించి మాటాడతన్నారు. నాను ఇనాలి."

మాటల గోల పట్టుకుని ముగ్గురూ వచ్చేశారు.

మర్నాడు మంచు విడిచింది. మడుగులో కొండలు మూడూ తలకిందులుగా కనబడ్డాయి. పల్లకీలో తవిటమ్మ పక్కన చోటుచేసి దాలమ్మని కూడా ఎక్కించుకుని ఊరికి దిగారు. ఆ పెళ్ళిలో దాలమ్మ నోరు విప్పలేదు. విప్పుదామన్నా గొంతు లేదు. ఊరంతా ఆవిడ చుట్టూ చేరి మాట్లాడింది. ఆవిడ తలూపుతూ వింది, నవ్వింది, మళ్ళీ వింది.

"ఇక్కడే ఉండిపోవే అప్పా" అని ఎర్నమ్మ చేతులు పట్టుకుంది.

"మంచు దిగితే అక్కడ ఎవులుంటారే?" అంది దాలమ్మ. కోడిని చంకనెట్టుకుని కొండెక్కింది. ఈసారి ఊరు ఊరంతా కొండమొదలుదాకా దిగబెట్టింది.

అక్కడే ముసలిదైంది. చాలా ముసలిదైంది. తవిటమ్మకి పిల్లలు పుట్టారు, పెరిగారు, వాళ్ళూ ఆ గుడిసెలో అంబలి తాగారు. ఒకనాడు మంచి ఎండలో, గట్టున కూర్చుని, సంతకెళ్ళే ఆడవాళ్ళకి ఏదో కథ చెప్తోంది. "ఆ తరవాత ఏటయిందంటే..." అని ఆగింది. వాళ్ళు నవ్వుతూ ఎదురుచూశారు. దాలమ్మ మడుగుకేసి చూస్తూ ఉంది. కాసేపటికి వాళ్ళకి అర్థమైంది. ఆవిడ అంతసేపు ఊరుకోవడం ఎవరూ ఎరగరు కదా.

కింది ఊళ్ళవాళ్ళూ పై ఊళ్ళవాళ్ళూ కలిసి ఆవిడని ఆ గట్టునే మట్టిలో దాచారు. గుడిసెని పడిపోనివ్వలేదు. ఇప్పటికీ ఏటా గడ్డి కోసి కప్పు నేస్తారు. ఎవరైనా వెళ్ళి ఉండొచ్చు. కట్టెలుంటాయి, కుండ ఉంటుంది, తాళం ఉండదు. ఒకటే కట్టుబాటు. మంచు దిగిందంటే లోపలున్నవాళ్ళు గుమ్మంలో నిలబడి మాట్లాడుతూనే ఉండాలి, బయట ఎవరున్నా లేకపోయినా. పెద్ద పెద్ద సంగతులు అక్కర్లేదు. అత్తగారి గురించి చెప్పొచ్చు, పొద్దున తిన్న పచ్చడి గురించి చెప్పొచ్చు. ఒకరు అలిసిపోతే ఇంకొకరు అందుకోవాలి. అందుకునేవాళ్ళు ఎవరైనా సరే, ఏ ఊరివాళ్ళైనా సరే, మొదలుపెట్టేది మాత్రం ఒకే మాటతో.

"ఆ తరవాత ఏటయిందంటే..."