ఎర్రబడిన మాడలు

ఒకానొక రాజ్యంలో, కనకవాడ దాని పేరు, బంగారు మాడలు ఏటికేడాది ఎర్రబడుతూ వచ్చాయి. టంకశాలలో రాగి కలుపుతున్నారు మరి. కరువొచ్చి కాదు, యుద్ధమొచ్చీ కాదు. ప్రచండభూపతి మహారాజుకు తన పట్టపుటేనుగు దంతాలకు బంగారు తొడుగులు చేయించాలని బుద్ధి పుట్టింది. అంతే, సిగ్గు విడిచి జనం చేతిలోని నాణెంలోంచి బంగారం గీరుకున్నాడు.

పైగా దండోరా వేయించాడు. "మాడ విలువ లోహంలో లేదు, మా ముద్రలో ఉంది. కొత్త మాడను కాదన్నవాడు రాజద్రోహి. వాడి జీవనాధారం జప్తు."

ఆ ఊళ్లో గానుగాడించే అక్కమ్మ అనే విధవరాలు ఉండేది. ఒక భటుడు కడవ నూనెకు కొత్త మాడ ఒకటి పెడితే, ఇంకొకటి పెట్టమంది.

"ముద్ర కనబడలేదా?" అన్నాడు భటుడు.

"నా నూనెలో సగం నీళ్లు పోసి, కడవ మీద ముద్ర కొట్టి ఇస్తే తమరు తీసుకుంటారా బాబూ?" అంది అక్కమ్మ.

ఆ మాటకు ఆమె ఎద్దును తోలుకుపోయారు, గానుగకు తాళం వేశారు. ముగ్గురు పిల్లలకు అన్నం పెట్టే గానుగ అది. రాజుగారి పుట్టినరోజున, స్వామి గుడిలో తులాభారం అయ్యాక రెంటినీ వేలం వేయాలని తీర్పయింది.

తులాభారం ఏర్పాట్లు ఆస్థానంలో కొలువు చేసే బొల్లనవి. మనిషి సౌమ్యుడే గాని, అక్కమ్మ సంగతి విన్న నాటి నుంచి లోపల కుతకుత ఉడికిపోతున్నాడు.

ఆ రోజు రానే వచ్చింది. గుడి ముందు జనం కిటకిటలాడుతున్నారు. వేలానికని అక్కమ్మనూ, ఎద్దునూ ఒక పక్కన నిలబెట్టారు. రాజు తక్కెడలో కూర్చున్నాడు. రెండో తట్టలో బొల్లన కొత్త మాడలు కుమ్మరించసాగాడు.

రాజు ముందుకు వంగాడు. "బొల్లనా, పాత మాడలు తెప్పించు," అన్నాడు గొంతు తగ్గించి.

"పాత మాడలా ప్రభూ?" అన్నాడు బొల్లన, గుడి చివరిదాకా వినబడేలా. "వీటి మీద తమ ముద్ర ఉంది కదా?"

"మూర్ఖుడా, స్వామికి రాగి సమర్పిస్తామా? కళ్లు పోతాయి."

బొల్లన చేతులు కట్టుకున్నాడు.

"అయితే కొత్త మాడను ఎవరో కాదన్నట్టే ప్రభూ. కాదన్నది స్వామి అయితే, ఆజ్ఞ ప్రకారం గుడి జప్తు చేయాలి. కాదన్నది తమరైతే, తమ జీవనాధారం సింహాసనం గనుక అది జప్తు చేయాలి. భటులు కాచుకుని ఉన్నారు. తాళం ఎక్కడ వేయమంటారు?"

రాజు తక్కెడలో అటూ ఇటూ ఊగాడు. చివరికి పకపకా నవ్వేశాడు.

"చిక్కించుకున్నావు బొల్లనా. ఇదిగో, నా శాలువా నీకే."

బొల్లన శాలువా అందుకోలేదు. "ఆ నవ్వేదో ఆవిడ వైపు తిరిగి నవ్వండి ప్రభూ," అన్నాడు.

రాజు తిరిగాడు. అక్కమ్మ తల దించుకోలేదు.

"నవ్వండి మారాజా," అంది. "స్వామి దగ్గర రాగి అని తెలిసిందే తమకు, నా దగ్గర తెలియలేదా? పదకొండు రోజులుగా నా పిల్లలు గంజి నీళ్లు తాగుతున్నారు. నాకు మాత్రం నవ్వు రావటంలేదు."

రాజు నవ్వు అక్కడే ఆగిపోయింది. తక్కెడ దిగాడు. రాగి కలిపిన మాడలన్నీ వెనక్కి తీసుకుని, మాడకు మాడ మేలిమివి ఇవ్వాలని అక్కడికక్కడే ఆజ్ఞాపించాడు. శాలువా తానే బొల్లన భుజాన కప్పాడు. గానుగ తాళంచెవి అక్కమ్మకు ఇప్పించాడు.

అక్కమ్మ ఎద్దు పగ్గం అందుకుని, రాజుకు దండమైనా పెట్టకుండా ఇంటిదారి పట్టింది. ఆమెను ఆపడానికి అక్కడ ఎవరికీ ధైర్యం చాలలేదు.